పెద్ద వానల తర్వాత చలి ముదురుతుందా? గుణుపూర్ నుంచి అడిగిన ప్రశ్నకు నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వాయుగుండం వల్ల ఒడిశాలోని మీ గుణుపూర్‌లో నాలుగు రోజులు వాన కొట్టింది. వెలిసి మూడు రోజులైంది. ఇప్పుడు పొద్దున్న తొమ్మిదింటిదాకా పొగమంచు. "ఇంత వాన పడ్డ ఏడు చలికి తట్టుకోలేం" అని మీ నాయనమ్మగారు అంటున్నారు, అది నిజమేనా? కోసిన వరి పనలు మడిలోనే తడిశాయి, వాటినేం చేయాలి? క్రిస్మస్ సెలవుల్లో ఉబ్బసం ఉన్న నాన్నగారినీ, మూడేళ్ల పాపనీ తీసుకుని కోరాపుట్‌లో బంధువుల ఇంటికి వెళ్లొచ్చా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. వాన ఎంత పడిందో చూసి ఆ ఏడాది చలి ఎంతుంటుందో చెప్పలేం. వాన వెలిశాక గాలి ఎటు తిరిగిందో చూస్తే మాత్రం వచ్చే వారం పది రోజుల సంగతి చాలావరకు చెప్పొచ్చు. వాన వెనకాలే వచ్చేది మంచు. అసలు చలి ఆ తర్వాత, ఉత్తరం నుంచో వాయవ్యం నుంచో పొడిగాలి మొదలైతేనే వస్తుంది. ఆ గాలి రాకుండా సముద్రం మీది మబ్బు మళ్లీ కమ్మితే రాత్రులు వెచ్చగానే ఉంటాయి. పనలను ఆరకుండా కుప్ప వేయకండి. కోరాపుట్‌కి వెళ్లొచ్చు, కానీ తెల్లవారుజామున బయల్దేరే ఆలోచన మానుకోండి.

ఇక వివరంగా. నేను రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల బ్లాకుల్లో వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పొద్దున్న ఎనిమిదిన్నరకి వర్షమాపకంలో నీళ్లు కొలిచి రాయడం ఉద్యోగంలో అలవాటైంది. ఇప్పుడు ఇంటి వెనక వసారాలో కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపించే థర్మామీటరు ఒకటి పెట్టుకుని చూస్తుంటాను. కింద రాసిందంతా ఆ అలవాటులోంచి వచ్చిందే.

మీ నాయనమ్మగారి మాటని కొట్టిపారేయను. ఆవిడ చెబుతున్నది వాన రోజుల్లో ఒంటికి తెలిసిన చలి గురించి. ముసురు పట్టిన రోజు ఎండ ఉండదు కాబట్టి మధ్యాహ్నం కూడా 22, 23 డిగ్రీలు దాటదు. బట్టలు ఆరవు, గోడలు చెమ్మగిల్లుతాయి, మంచం మీద దుప్పటి కూడా తడి తడిగా తగులుతుంది. పైగా ఈదురుగాలి. ఒళ్లు వణుకుతుంది. కానీ అదే రోజు తెల్లవారుజామున థర్మామీటరు చూడండి, 18, 19 దగ్గర ఉంటుంది. పగటికీ రాత్రికీ తేడా నాలుగైదు డిగ్రీలే. మబ్బు పగలు ఎండని ఆపుతుంది, రాత్రి నేల వేడిని పైకి పోనివ్వదు. అదే జనవరిలో మబ్బు లేని రోజు తీసుకోండి: మధ్యాహ్నం 28, తెల్లవారుజామున 11. ఆ రోజు పగలు చొక్కాతో తిరుగుతాం కాబట్టి "చలి తగ్గిందిలే" అనుకుంటాం. మనిషికి గుర్తుండేది పగటి చలి, పంటకి దెబ్బ తగిలేది రాత్రి చలి. రెండూ ఒకటి కావు.

ఇప్పుడు వాన వెలిశాక ఏం జరుగుతుందో చూద్దాం. నేల నీరు తాగి ఉంది. తడి నేల పగటి ఎండ వేడిలో చాలా భాగాన్ని నీటిని ఆవిరి చేయడానికే ఖర్చు పెడుతుంది, అందుకే వాన తర్వాత రెండు మూడు రోజులు ఎండ కాసినా అది చురుక్కుమనదు. పొడి నేల పైపైనే వేడెక్కి, పైపైనే చల్లారిపోతుంది. తడి నేల అలా కాదు, లోపలి వేడిని రాత్రి మెల్లగా పైకి పంపుతూనే ఉంటుంది. గాల్లో ఆవిరి ఎక్కువగా ఉండటం వల్ల అర్ధరాత్రి దాటేసరికే మంచు పడటం మొదలవుతుంది. ఆవిరి నీటిబొట్టుగా మారేటప్పుడు తనలోని వేడిని గాలికి వదిలేస్తుంది. దాంతో ఉష్ణోగ్రత పడిపోవడం అక్కడికి దాదాపు ఆగిపోతుంది. కాబట్టి వాన తర్వాత మొదటి నాలుగైదు రాత్రులు దట్టంగా మంచు ఉంటుందిగానీ గట్టి చలి ఉండదు. మీరు ఇప్పుడు చూస్తున్నది సరిగ్గా ఇదే.

మీ ఊళ్లో మంచు ఎక్కువసేపు ఉండటానికి ఇంకో కారణం, అది ఉన్న చోటు. గుణుపూర్ వంశధార ఒడ్డున, కొండల మధ్య లోయలో ఉంది. రాత్రి కొండవాలు మీది గాలి చల్లబడి బరువెక్కి కిందికి జారుతుంది. లోయలో నది, చెరువులు, వరి మళ్లలో నిలిచిన నీరు ఉన్నాయి. చల్లగాలి, తడిగాలి కలిసి అడుగున చేరి కదలకుండా ఉండిపోతాయి. అందుకే కొండవాలు మీద ఉండే సవర గిరిజనుల ఊళ్లలో పొద్దున్న ఏడింటికే ఎండ కనిపిస్తే కింద బజారులో తొమ్మిదింటికి కూడా బండ్ల లైట్లు వేసుకునే తిరుగుతుంటారు. పర్లాకిమిడిలో మహేంద్రతనయ పక్కన, రాయగడలో నాగావళి పక్కన కూడా ఇదే తంతు. కోరాపుట్ పీఠభూమి మీద కొలాబ్ జలాశయం చుట్టుపక్కల, రెండు గుట్టల మధ్యనున్న జోలా పొలాల్లో కూడా అంతే. ఎత్తున ఉంటే చలి, పల్లంలో ఉంటే వెచ్చదనం అనే లెక్క గాలి కదలని రాత్రుల్లో తిరగబడుతుంది. పక్కపక్క పొలాల్లోనే మెట్టున ఉన్న టమాటా పచ్చగా ఉండి, పల్లంలోది కమిలిపోవడం సిమిలిగుడ వైపు రైతులు ఏటా చూసేదే.

సరే, అసలు చలి ఎప్పుడు? ఇక్కడ వాయుగుండం పోయిన దారి చూడాలి. మన అర్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. ఆ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాది మీరే లెక్క కట్టుకోవచ్చు.

అది తీరం దాటకుండానో, దాటాకనో ఈశాన్యంగా బెంగాల్ వైపు జరిగిపోయిందనుకోండి. మనం దానికి పడమట ఉంటాం, కాబట్టి మనకి గాలి ఉత్తరం నుంచి, వాయవ్యం నుంచి వస్తుంది. ఛత్తీస్‌గఢ్ మీదుగా వచ్చే పొడిగాలి అది. ఆకాశం నీలంగా కడిగినట్టు అవుతుంది, రెండు మూడు రోజుల్లో మంచు పలచబడి రాత్రి ఉష్ణోగ్రత జారడం మొదలవుతుంది. 2021 డిసెంబరులో జవాద్ తుపాను పూరీ దగ్గరికి వచ్చేసరికి బలహీనపడి బెంగాల్ వైపు వెళ్లింది, ఆ దారి ఈ రకం. అలా కాకుండా అది దక్షిణాన తీరం దాటి మనకి పడమట, భూమ్మీదుగా ఉత్తరానికి ఎక్కితే మనం దాని తూర్పు పక్కన పడతాం. గాలి దక్షిణం నుంచి, ఆగ్నేయం నుంచి, అంటే సముద్రం మీదనుంచి వస్తుంది. 2023లో మిచాంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటి తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ వైపు నీరసపడుతూ వెళ్లింది. ఎక్కడో బాపట్ల తుపాను మనకేంటి అనుకున్నవాళ్ల వరి కూడా గజపతి నుంచి మల్కన్‌గిరి దాకా తడిసింది. అలాంటి దారి పట్టినప్పుడు మబ్బు తెమలడానికి ఎక్కువ రోజులు పడుతుంది, చలి వెనక్కి జరుగుతుంది.

అక్టోబరు తుపానుల గురించి ఒక మాట. 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, మూడూ అక్టోబరు రెండో వారంలో వచ్చినవే. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాని ఎంత దెబ్బతీసిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ వానకీ జనవరి చలికీ మధ్య రెండున్నర నెలలుంటాయి. పై నేలలో తడి అన్నాళ్లు ఉండదు, ఆ గాలులూ ఉండవు. దసరా వానని చూసి సంక్రాంతి చలిని చెప్పేవాళ్ల మాట నేను పట్టించుకోను. హుద్‌హుద్ మిగిలిన మేఘం ఉత్తరానికి పోయి నేపాల్‌లో అన్నపూర్ణ కొండల్లో మంచు తుపానై ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్ల ప్రాణాలు తీసింది. తుపాను చలి తెచ్చిందని ఎవరన్నా అంటే నాకు గుర్తొచ్చేది అదొక్కటే, అది కూడా హిమాలయాల ఎత్తులో.

మన చలికి మూలం ఉత్తరాదిన ఉంది. మధ్యధరా సముద్రం వైపునుంచి వచ్చే పశ్చిమ అలజడులు కశ్మీర్, హిమాచల్ మీదుగా దాటిపోయాక, వాటి వెనకాల చల్లని పొడిగాలి మధ్యభారతం మీదుగా దిగుతుంది. అది ముందు ఛత్తీస్‌గఢ్‌ని, పశ్చిమ ఒడిశాని తాకి, తర్వాత నవరంగపూర్, కోరాపుట్ మీదుగా రాయగడకి వస్తుంది. మీ లోయకి చేరేసరికి కాస్త పదును తగ్గుతుంది. ఈ గాలి ఆగి ఆగి అలలుగా వస్తుంది. మూడు నాలుగు రోజులు గట్టిగా ఉండి, మళ్లీ రెండు రోజులు సడలుతుంది. లా నినా, అంటే పసిఫిక్ మహాసముద్రం నడిమి నీరు మామూలుకన్నా చల్లబడటం, ఉన్న ఏళ్లలో ఉత్తర భారతంలో చలి పెరిగే మొగ్గు ఉంటుందంటారు. మనదాకా వచ్చేసరికి ఆ ప్రభావం పలచబడుతుంది, ఆ ఒక్కదాన్నే పట్టుకుని పంట నిర్ణయాలు చేయకండి. నెలగంట పెట్టిన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేదాకా మనకి చలి గట్టిగా ఉండే కాలం. అన్నిటికన్నా పొడుగు రాత్రి డిసెంబరు 21, 22 దగ్గర వచ్చినా నేల చల్లారడం ఆ తర్వాత కూడా సాగుతుంది కాబట్టి జనవరి మొదటి పక్షమే ఎక్కువసార్లు చలికి పరాకాష్ఠ. ఆ తర్వాత శివరాత్రికి అది శివ శివా అనుకుంటూ పోవాల్సిందే.

టీవీలో "చలి పంజా" అని వచ్చే వార్తల గురించి కూడా అడిగారు. వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో చలిగాలుల పరిస్థితి అనాలంటే కనిష్ఠం 10 డిగ్రీలకో ఇంకా కిందికో దిగి, మామూలుకన్నా కనీసం 4.5 డిగ్రీలు తక్కువ ఉండాలి. 14 డిగ్రీలకే ఎర్ర అక్షరాలు వేస్తే దాన్ని అంతవరకే చూడండి. దారింగ్‌బాడిలో మంచు కురిసిందని వచ్చే ఫొటోలూ అంతే. గడ్డి మీద పడ్డ మంచుబిందువులు గడ్డకట్టి తెల్లగా కనిపిస్తాయి, అది పైనుంచి కురిసింది కాదు. థర్మామీటరు నేలకి నాలుగడుగుల పైన ఉంటుంది. గాలి లేని తేటరాత్రి గడ్డి దగ్గర ఉష్ణోగ్రత దానికన్నా ఇంకో మూడు నాలుగు డిగ్రీలు కిందికి పోగలదు. అందుకే పేపర్లో 3, 4 డిగ్రీలు అని వేసిన రోజున కూడా గడ్డి మీద తెల్లగా పేరుకుంటుంది.

గాలి తిరిగిందో లేదో మీకు మీరు తెలుసుకోవడం కష్టం కాదు. పొద్దున్న ఇళ్లలోంచి లేచే పొగ చూడండి. పొగ పైకి పోకుండా ఇంటికప్పు ఎత్తున పరుచుకుని ఉంటే గాలి కదలడం లేదు, మర్నాడూ మంచే. పొగ దక్షిణానికో ఆగ్నేయానికో వాలుతూ, రాత్రి చుక్కలు మెరుస్తూ, పగలు పెదాలు పగలడం మొదలైతే పొడిగాలి వచ్చినట్టే, అప్పుడు రగ్గులు తీయండి. ఫోన్‌లో అయితే మేఘదూత్ యాప్ పెట్టుకోండి. జిల్లావారీ వ్యవసాయ సలహాలు మంగళ, శుక్రవారాల్లో వస్తాయి. మళ్లీ వాయుగుండం ఉందా అన్నదానికి విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం, భువనేశ్వర్ వాతావరణ కేంద్రం బులెటిన్లు రెండూ చూడండి. మనం సరిహద్దులో ఉన్నాం, ఒక రాష్ట్రం బులెటిన్‌లో మన లోయ ఒక మూలకి పోతుంది.

ఇక వరి. నా లెక్కలో మీ ప్రశ్నలో అన్నిటికన్నా తొందరపడాల్సింది ఇదే, ఎందుకంటే చలి సంగతి ఆగుతుందిగానీ గింజ మొలక ఆగదు.

మడిలో నీరుంటే ముందు గట్టు కోసి బయటికి పంపండి. పనలు నీళ్లలో నానుతుంటే వాటిని ఎత్తి గట్ల మీద, వెన్ను పైకి ఉండేలా వేయండి. నీరు లేని మడిలో ఉంటే రోజుకోసారి తిరగేయండి, అడుగుపక్కే మొదట మొలకెత్తుతుంది. వాన వెలిసి మూడు రోజులైంది కాబట్టి వెన్నులు చూసుకోండి: గింజ మొదట్లో తెల్లటి ముల్లు పొడుచుకొచ్చిందంటే మొలక మొదలైంది. ఇంకా రాకపోతే, పొద్దున్న మంచు వల్ల పనలు ఎలాగూ తడుస్తాయి కాబట్టి లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి వెన్నులు తడిసేలా పిచికారీ చేయండి. మొలకని ఆపడానికి ఇది చవకైన, పనిచేసే మందు. గడ్డి పాడవుతుందని భయపడకండి, పశువులు తింటాయి.

తడిసిన పనలని మాత్రం కుప్ప వేయకండి. మళ్లీ వాన వస్తుందన్న భయంతో చాలామంది చేసేది ఇదే. కుప్పలో తడి గడ్డి లోపల వేడెక్కుతుంది, చెయ్యి పెడితే పొయ్యిలో పెట్టినట్టుంటుంది. నాలుగు రోజుల్లో గింజ రంగు మారి, బూజు వాసన కొడుతుంది. అలాంటి ధాన్యం మిల్లులో ఆడిస్తే నూకే ఎక్కువ. ఇప్పటికే కుప్ప వేసేసి ఉంటే ఈ రోజే విప్పేయండి. గుణుపూర్ వైపు కళ్లాల్లో టార్పాలిన్ కప్పి, కింద గాలి ఆడకుండా చుట్టూ మట్టితో అదిమేస్తారు. వాన కురుస్తున్నప్పుడు తప్పదు, వెలిశాక పగలంతా తీసి ఉంచాలి.

నూర్పు పదకొండు తర్వాతే పెట్టుకోండి. మంచు ఉన్నన్ని రోజులూ మీ పనిదినం పదకొండు నుంచి నాలుగు వరకే అనుకోండి. మిషన్ అద్దెకిచ్చేవాడు ఎనిమిదింటికే వస్తానంటాడు, వాడి తొందర వాడిది. తడి పన మీద నూరిస్తే గింజ గడ్డితో పోతుంది, మిగిలింది చెమ్మతో వస్తుంది. ధాన్యం ఎండబెట్టేటప్పుడు పలచగా పరిచి గంటకోసారి కాలితో కలుపుతూ ఉండండి. సాయంత్రం నాలుగున్నరకల్లా రాశి చేసి కప్పేయండి. పొద్దు వాలిన వెంటనే గింజ గాల్లోని చెమ్మని మళ్లీ పీల్చుకుంటుంది, రోజంతా చేసిన పని సగం పోతుంది. మండిలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. ఇంట్లో నిల్వ పెట్టుకునేదైతే 14 కి తేవాలి. పంటికింద పెట్టి కొరికితే టప్పున విరగాలి, నలిగితే ఇంకా ఎండాలి. తారురోడ్డు మీద ఆరబోయడం మన జిల్లాల్లో ఎక్కువైంది. మంచులో బండి నడిపేవాడికి ఆ రాశి కనిపించదు, దయచేసి వద్దు. తడిసిన ధాన్యాన్ని వచ్చే ఏటికి విత్తనంగా కూడా ఉంచకండి.

ఈ వానలో మేలు కూడా ఉంది. కోసిన మళ్లలో తడి ఉంది, మినుము, పెసర చల్లుకునేవాళ్లకి ఇది అదను. కోతకి ముందే చల్లి ఉంటే నీరు నిలిచిన చోట విత్తనం కుళ్లి ఉంటుంది, ఆ ఖాళీల్లో మళ్లీ చల్లండి. టమాటా, ఆలుగడ్డ ఉన్నవాళ్లు మాత్రం ఈ మంచుని తేలిగ్గా తీసుకోకూడదు. చల్లటి తడి రోజులు వరసగా ఉంటే ఆకుమాడు తెగులు రెండు మూడు రోజుల్లో మడంతా పాకుతుంది. ఆకు అంచున నీళ్లలో నానినట్టు మచ్చ, అడుగున తెల్ల బూజు కనిపిస్తే అదే. కనిపించకముందే లీటరుకి 2.5 గ్రాముల మాంకోజెబ్ కొట్టుకోవడం మంచిది, అదీ ఆకుమీద మంచు ఆరాకే. పీఠభూమి మీద రైతులకి ఇంకో మాట: పొడిగాలి మొదలై నేల ఎండిపోయాక, గట్టి చలి అన్న రోజు పగలు తేలికపాటి తడి ఇస్తే ఆ రాత్రి మొక్కకి కాస్త కాపు. పైన తడి నేల గురించి చెప్పిన సూత్రమే ఇక్కడ మనకి పనికొస్తుంది. మామిడి, జీడి పూత గురించి ఇప్పుడేమీ చేయనక్కర్లేదు. చెట్టు కొత్త చిగురు వేస్తే పూత వెనక్కి జరుగుతుంది, అంతే.

కోరాపుట్ ప్రయాణం. గుణుపూర్ సముద్రమట్టానికి వంద మీటర్ల లోపే. కోరాపుట్ దాదాపు 870 మీటర్లు. కిలోమీటరు ఎత్తుకి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనే లెక్కలో మీ ఊరికన్నా అక్కడ అయిదు డిగ్రీలు తక్కువ ఉంటుంది. సిమిలిగుడ, పొట్టంగి వైపు, అంటే 1672 మీటర్ల దేవమాలి కొండ పరిసరాల్లో ఇంకా తక్కువ. మీరు వెళ్లేసరికి పొడిగాలి వచ్చి ఉంటే తెల్లవారుజామున ఒంటి అంకె డిగ్రీలు చూడొచ్చు. దానికి సిద్ధపడి వెళ్లండి.

రాయగడ, లక్ష్మీపూర్ మీదుగా రోడ్డున వెళ్తే ఘాట్‌ని పదికీ మూడుకీ మధ్య దాటేలా బయల్దేరండి. వాన వెలిసిన పది రోజులదాకా కొండచరియలు జారే ప్రమాదం ఉంటుంది. పైన ఎండ కాస్తున్నా లోపలి మట్టి బరువుగానే ఉంటుంది. తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లా బరఘర దగ్గర వానకి తలదాచుకున్న జనం మీద కొండ విరిగిపడింది మరచిపోకండి. ఘాట్‌లో ఆగి ఫొటోలు తీసుకునేది చరియ పక్కన కాకుండా చూసుకోండి. మంచులో హైబీమ్ వేయకండి, ఆ వెలుగు మంచుకి తగిలి మీ కళ్లలోకే కొడుతుంది. లో బీమ్, ఎడమ అంచు గీత, నెమ్మది. నన్నడిగితే నాన్నగారు ఉన్నారు కాబట్టి రాయగడ నుంచి రైలే నయం.

నాన్నగారికి చలికన్నా పొగ, చెమ్మ ఎక్కువ చెరుపు చేస్తాయి. మంచు ఉన్న పొద్దున్న గాలి పైకి లేవదు కాబట్టి చలిమంటల పొగ, పొయ్యి పొగ, చెత్త కాల్చిన పొగ అన్నీ ముక్కు ఎత్తునే ఉంటాయి. ఆ వేళలో ఆయన్ని వాకింగ్‌కి పంపకండి, ఎండ వచ్చాక వెళ్లనివ్వండి. నెగడు చుట్టూ కూర్చునే సరదా ఆయనకి వద్దు. వానల తర్వాత పెట్టెల్లోంచి తీసిన రగ్గులకి, గోడలకి బూజు పడుతుంది, ఉబ్బసానికి అదొక మంట. బంధువులకి ముందే ఫోన్ చేసి రగ్గులు రెండు రోజులు ఎండలో వేయించమనండి, ఆయన పడుకునే గది చెమ్మ గోడ ఉన్నది కాకుండా చూడమనండి. ఇన్హేలర్లు రోజువారీది, అత్యవసరానిది రెండూ చేతిసంచిలో పెట్టుకోండి. బయల్దేరేముందు ఆయన డాక్టరుకి ఒకసారి చూపించండి.

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోకండి. బంధువులు ప్రేమగా తెచ్చిపెట్టినా సరే. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. గది వేడి చేసుకోవాలంటే నిద్రకి ముందు చేసుకుని, కుంపటి బయట పెట్టి పడుకోండి.

పాపకి ఒకే మందపాటి స్వెట్టరు బదులు పలచని రెండు మూడు పొరలు వేయండి. పగలు ఎండ గట్టిగా ఉంటుంది, చెమట పడితే ఒక పొర తీసేయొచ్చు. సాయంత్రం అయిదు దాటగానే చెవులు కప్పండి. మరో సంగతి, వానల తర్వాత ఈ కొండ జిల్లాల్లో దోమ తగ్గదు, మలేరియా ఉంది. దానితోపాటు స్క్రబ్ టైఫస్ కూడా ఈ కాలంలోనే కనిపిస్తుంది. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టడం వల్ల వస్తుంది. పొలంలో పనలు ఎత్తినవాళ్లకైనా, తోటలో ఆడిన పాపకైనా జ్వరం రెండు రోజులు దాటితే చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర కాలినట్టు నల్ల చెక్కు ఉందేమో చూసి, డాక్టరుకి ఆ మాట చెప్పండి. తొందరగా పట్టుకుంటే మామూలు మందుకే తగ్గుతుంది.

ప్రయాణం తేదీ ఇప్పుడే ఖాయం చేసుకోకండి. ఇరవయ్యో తేదీ దగ్గర బులెటిన్ చూడండి. బంగాళాఖాతంలో ఇంకో అల్పపీడనం ఉందని ఉంటే రెండు రోజులు ఆగండి. ఏమీ లేదు, పొడి వాతావరణం అని ఉంటే చలి గట్టిగా ఉంటుందిగానీ దారి బాగుంటుంది.

వరి ఏ రకమో, ఎన్ని రోజుల క్రితం కోశారో మీరు రాయలేదు. కొన్ని రకాలకి కోశాక కొన్నాళ్లు మొలకెత్తని గుణం ఉంటుంది, కొన్నిటికి అసలు ఉండదు. ఆ రెండూ, మడిలో ఇప్పుడు నీరెంత ఉందో కూడా రాస్తే ఉప్పునీళ్లు కొట్టాలో, నేరుగా నూర్చేయాలో చెబుతాను. రేపు మధ్యాహ్నంలోగా రాయండి, గింజ ఆగదు.